బొద్దింక తిన్న సగం

వన్ టౌన్‌లో జిలానీ బాషా కొట్టుకి బోర్డు చూసుకుని వెళ్ళలేరు. బోర్డు మీది అక్షరాల్ని ఉప్పుగాలి ఎప్పుడో నాకేసింది. మైదా ఉడికే వాసన పట్టుకుని వెళ్ళాలి. బియ్యం హోల్‌సేల్ కొట్ల వెనక సందులో, ఆటో దూరితే మనిషి గోడకి అతుక్కోవలసిన చోట, ఆకుపచ్చ తలుపు. లోపల ఒక కంప్యూటరు, ఒక జిరాక్సు మిషను, పుస్తకాలు బిగించే ఇనప ప్రెస్సు, అట్టల మీద బంగారు అక్షరాలు కొట్టే సీసం అచ్చులు. వెనక గదిలో పొయ్యి మీద జిగురు కాచే ఆయన భార్య ఆమినాబీ. ముప్ఫై మూడేళ్ళుగా ఈ ఊళ్ళో పీహెచ్‌డీలు తయారవుతున్నది ఇక్కడ. విశ్వవిద్యాలయంలో తయారవుతున్నాయని అక్కడి ఆచార్యులు నమ్ముతారు. నమ్మకాల జోలికి మనమెందుకు.

బాషా చదివింది పదో తరగతి, అదీ రెండు విడతలుగా. అయినా ఆరు వందల పైచిలుకు థీసిస్‌లు ఆయన చేతుల మీదుగా టైపయ్యాయి, అతుక్కున్నాయి, అట్టలు తొడుక్కున్నాయి. ఒక్కటీ అర్థం కాలేదు. ఈ మాట ఆయన సిగ్గుపడకుండా చెబుతాడు. అర్థమయ్యాయని చెప్పుకునేవాళ్ళు ఆయన కొట్టుకి చాలామంది వచ్చారు, అందులో సగం మంది తమ థీసిస్ పేరు అట్ట మీద చూసి పక్కవాడిదేమో అనుకున్నవాళ్ళు.

ఫిజిక్సు గుర్తులకి బాషా తన పేర్లు తాను పెట్టుకున్నాడు. ఫై అంటే పుల్ల గుచ్చిన సున్నా. సై అంటే త్రిశూలం. ఇంటెగ్రల్ గుర్తు నిలబడ్డ పాము. లాంబ్డా, కాలు చాపినోడు. ఏ థీసిస్‌లో కాలు చాపినోడు ఏయే పేజీల్లో ఉన్నాడో ఇప్పటికీ చెప్పగలడు. జ్ఞాపకశక్తి అని మెచ్చుకోనక్కర్లేదు. కంప్యూటరు రాకముందు వాణ్ణి ప్రతిసారీ చేత్తో గీయాల్సి వచ్చేది. చెయ్యి నొప్పెట్టిన చోటు ఎవరికైనా గుర్తుంటుంది.

అప్పటి పద్ధతి ఇదీ. మాటల్ని టైపు మిషను మీద కొట్టి, సమీకరణాలు రావలసిన చోట ఖాళీ వదిలేవాడు. సమీకరణాన్ని తెల్లకాగితపు పీలిక మీద సన్నపాళీ పెన్నుతో రాసి, మైదా జిగురుతో ఆ ఖాళీలో అంటించేవాడు. ఆరిన తర్వాత ఆ పేజీని జిరాక్సు తీసేవాడు. పీలికలు అంటించిన అసలు ప్రతి కొట్లోనే, రేకు పెట్టెలో ఉండిపోయేది. జిగురులో మైలుతుత్తం కలపడం తప్పనిసరి. ఆ నీలం విషం లేకపోతే మైదా కోసం బొద్దింకలు పెళ్ళివారిలా దిగిపోతాయి.

కంప్యూటరు వచ్చాక పీలికలు పోయాయి గాని కృతజ్ఞతల పేజీ పోలేదు. అది ఇప్పటికీ బాషా దగ్గర రెడీమేడ్‌గా దొరుకుతుంది, మూడు రకాలు. గైడు సరైనవాడైతే ఒకటో రకం: "వారి విలువైన సూచనలకు." సంతకం కోసం రెండేళ్ళు తిప్పించినవాడైతే రెండో రకం: "పితృసమానులైన." నాలుగేళ్ళు దాటి తిప్పించినవాడైతే మూడో రకం, అందులో గైడు దేవుడు, ఆయన భార్య అన్నపూర్ణ. బాధ పెరిగేకొద్దీ భక్తి పెరగడాన్ని బాషా లెక్కగట్టి పెట్టుకున్నాడు. ఈ సంబంధం మీద మాత్రం ఇంతవరకు ఎవరూ పీహెచ్‌డీ చెయ్యలేదు.

మూడో రకాన్ని ఎక్కువగా వాడించుకున్న గైడు ఆచార్య వరహాలు. ఈయన కణాల ద్రవ్యరాశి మీద సొంతంగా ఒక మోడల్ కట్టి 1994లో డాక్టరేటు పుచ్చుకున్నాడు. అందులో మూడో అధ్యాయం, పదిహేడో సమీకరణం, అంటే 3.17, ఆయన జీవితానికి కొబ్బరికాయ కొట్టిన గుడి. ఆయన కింద పదిమంది అదే మోడల్ మీద డాక్టర్లయ్యారు. పదకొండో మనిషి నీలిమ.

నీలిమ నాన్న ఫిషింగ్ హార్బర్‌లో వలలు అల్లుతాడు. ఏడేళ్ళ కిందట రిజిస్టరు చేయించుకుంది. రెండు పొడిగింపులు అయిపోయాయి. వరహాలు గారు ఈ నెల ముప్ఫై ఒకటిన రిటైరవుతున్నారు. ఆలోగా ఆయన సంతకం పడకపోతే గైడు మారతాడు, గైడుతో టాపిక్కు మారుతుంది, ఏడేళ్ళు తుడిచిపెట్టుకుపోతాయి. ఆయన సంతకం పెట్టడం లేదు. కారణం 3.17. నీలిమ ఎన్నిసార్లు చేసినా, ఆయన సూత్రంలో వచ్చినదానికి సరిగ్గా సగం వస్తోంది.

ఇరవై ఏడో తేదీ మధ్యాహ్నం నీలిమ బాషా కొట్టుకొచ్చి బల్ల మీద కూలబడింది. బాషా అప్పుడు ఒక అట్ట మీద గుడ్డ సాగదీస్తున్నాడు. వరహాలు గారి రిటైర్మెంటుకి శిష్యులు వేస్తున్న అభినందన సంచిక అది. నూట యాభై కాపీలు. అట్ట మీద బంగారు అక్షరాల్లో 3.17 కొట్టమని ఆర్డరు.

"బాబాయ్, సార్ పాత థీసిస్ నీ దగ్గరుందేటి? లైబ్రరీలో అడిగితే బైండింగ్‌కి ఎల్లిందంటన్నారు."

"ఎప్పుడెల్లింది?"

"పందొమ్మిదేళ్ళయిందట."

"నా దగ్గరికైతే రానేదమ్మా," అన్నాడు బాషా. రేకు పెట్టెలోంచి, కొట్లో ఉంచుకున్న జిరాక్సు, ఆఫీసు కాపీ తీసిచ్చాడు. నీలిమ అరవై ఒకటో పేజీ తిప్పింది. 3.17 ఉంది. సగం లేదు. ఆవిడ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"అయితే తప్పు నాదే."

"ఏటమ్మా అంత తప్పు? నాకర్థమయ్యేలా సెప్పు, సూద్దాం."

"నీకెందుకు బాబాయ్ ఈ గోల."

"ఆరొందలు అతికించాను. ఒక్కటైనా అర్థం సేసుకుని పోతాను."

నీలిమకి నవ్వొచ్చింది. "మా నాన్న వల ఉంది కదా. ఒడ్డు మీద ఒక్కడే బుజానేసుకుని ఎల్లిపోతాడు. అదే వల నీళ్ళలో ఏసి లాగాలంటే నలుగురు కావాలి. వల మారిందేటి? మారలేదు. నీళ్ళు పట్టుకున్నాయి. లాగేవాడికి మాత్రం వల బరువెక్కిపోయినట్టే. మా కణం కూడా అంతే. ఒంటరిగా ఉంటే దీని బరువింత అని సమీకరణంలో ముందొక ముక్క రాస్తాం. కానీ అది ఒంటరిగా ఉండదు కదా. మిగతావాటితో తగులుకుంటది, తనతో తనే తగులుకుంటది. ఆ తగులుకునేదానికి ఇంకో ముక్క రాస్తాం. ఆ రెండో ముక్క వచ్చి మొదటిదాని బరువు మార్చీద్ది."

"మరి నీళ్ళు లేకుండా తూస్తే సరి కదా?"

"అదే తమాషా బాబాయ్. వలకి ఒడ్డుంది. మా కణానికి ఒడ్డు లేదు. అది పుట్టిందే నీళ్ళలో. ఒంటరి బరువు ఎవడూ చూడలేదు, చూడలేడు. తగులుకున్నాక ఎంతో అదే మనం కొలిసేది."

ఫిజిక్సు మాస్టర్లు ఇక్కడ బరువు వేరు, ద్రవ్యరాశి వేరు అని కోప్పడతారు. కోప్పడనివ్వండి. ద్రవ్యరాశి అన్నవాళ్ళు పదిమంది డాక్టర్లయ్యారు, ఒక్కడికీ వల గుర్తు రాలేదు.

"బాగుంది," అన్నాడు బాషా. "కాలు సాపినోడు ఎక్కడొస్తాడు?"

"లాంబ్డాయా? ఎంత గట్టిగా తగులుకుంటదో చెప్పే అంకె అది. కణం ఒక చోట బయల్దేరి, ఒక చుట్టు తిరిగి, మళ్ళీ ఆ చోటుకే వస్తది. ఆ చుట్టు వల్ల ఎంత బరువు పెరిగిందో లెక్క కట్టాలి. ఇటునుంచి తిరిగినా అటునుంచి తిరిగినా ఒకటే చుట్టు. రెండు దార్లని లెక్కేస్తే తప్పు. అందుకే ముందర సగం పెట్టాలి."

"మా సందే కదేటి! మసీదు పక్కనుంచి వచ్చినా, బియ్యం కొట్ల పక్కనుంచి వచ్చినా ఇదే కొట్టు. రెండు కొట్లని ఎవడంటాడు?"

"మా సార్ అంటన్నారు. పుస్తకాల్లో ఇలాంటి లెక్కలన్నిట్లో సగం ఉంది సార్ అంటే, పుస్తకాల్లో మోడల్ వేరు, మన మోడల్ వేరు అంటారు. ముందు పదిమందికి వచ్చింది నీకెందుకు రాదు అంటారు. ఆ పదిమంది థీసిస్‌లూ చదివాను బాబాయ్. అందరికీ సగం వచ్చింది. వచ్చినట్టే వచ్చి, ఒక్కొక్కడి దగ్గర ఒక్కో పేజీలో మాయమైపోయింది. ఒకాయన 'సంప్రదాయాన్ని అనుసరించి' అన్నాడు. ఒకాయన 'సులువుగా నిరూపించవచ్చు' అని వదిలేశాడు. ఒకావిడ పేజీ మార్చింది, పేజీతో పాటు సగం పోయింది. నాకు మాయం చెయ్యడం చేతకావట్లేదు."

బాషా పుస్తకం తీసుకుని అరవై ఒకటో పేజీని వెలుతురుకి పట్టాడు. సమీకరణానికి ఎడం పక్క ఒక సన్నటి నల్లటి గీత వంకర్లు పోతూ ఉంది. జిరాక్సు తీసినప్పుడు అతికించిన పీలిక అంచు నీడ అలా పడుతుంది. అంచు కత్తెరతో కోసినదైతే తిన్నగా ఉండాలి. ఆయన లోపలికెళ్ళి, ఇంకో పెట్టె దించి, అసలు ప్రతి తీశాడు. 3.17 పీలిక ఎడం అంచు కొరికేసి ఉంది, చిన్న చిన్న అర్ధచంద్రాల్లా. కొరికిన చోట, కిందివైపు, ఒక గీత ముక్క మిగిలింది. ఒకటి బై రెండులో రెండు అంకె తోక.

ఆమినాబీ గరిటె పట్టుకుని వచ్చి భర్త భుజం మీదుగా చూసింది.

"బొద్దింక," అంది.

"ఊరుకో."

"ఏటి ఊరుకునేది? ఆయేడు మైలుతుత్తం అయిపోయిందని నాను సెప్పాను. ఒక్క పూటకి ఏటవుద్ది, పొద్దున్నే జిరాక్సు తీసీస్తాం కదా అన్నారు. ఏటయిందో సూసుకోండి."

బాషాకి గుర్తొచ్చింది. వర్షాలు, కొట్లన్నీ మూసి ఉన్నాయి. వరహాలు, అప్పటికి ఆచార్యుడు కాదు, ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మర్నాడు పొద్దున్న పది నలభై రెండుకి అమృత ఘడియలని, అప్పుడే సబ్మిట్ చెయ్యాలని నెత్తిమీద కూర్చున్నాడు. ప్రూఫులు చూసుకోమంటే ముహూర్తం దాటిపోతుందన్నాడు. విశ్వం ఎలా నడుస్తుందో కనిపెట్టిన మనిషి పంచాంగం చూసుకుని, ఐదు కాపీల మీద చదవకుండా సంతకాలు పెట్టి, పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. తర్వాత ఆయన తన లెక్క ఎప్పుడూ మళ్ళీ చెయ్యలేదు. అచ్చయిపోయింది కదా, ఇంకెందుకు.

ముప్ఫై ఏళ్ళు. పది డాక్టరేట్లు. ఒక బొద్దింక.

"బాబాయ్, ఇది సార్‌కి చూపించాలి," అంది నీలిమ.

బాషా తల దించుకున్నాడు. ప్రతి ఏడూ స్కాలర్లకి వరహాలు గారు చెప్పే మాట ఒకటుంది: బాషా దగ్గరికే వెళ్ళండి, అర్థం చేసుకోడు కాబట్టి తప్పు రాయడు. ఆ మాట మీద బతికిన కొట్టు ఇది. రేపట్నుంచి తప్పుల బాషా అంటారు.

"ఆరి పరువు, నా పరువు, రెండూ పోతాయమ్మా."

"మరి నా ఏడేళ్ళు?"

ఆమినాబీ గరిటె బల్లకి కొట్టింది. "ఈ ఆడగుంట ఏడేళ్ళు కూడా మైదా ఏటి, తినీడానికి? లెగండి. సొక్కా మార్సుకోండి."

మర్నాడు వరహాలు గారి గదిలో బాషా, నీలిమ నిలబడ్డారు. గది నిండా శాలువాలు, మెమెంటోలు. బాషా అసలు ప్రతిని బల్ల మీద పెట్టి, దాచకుండా చెప్పాడు. మైలుతుత్తం కలపలేదని కూడా చెప్పాడు. వరహాలు గారు భూతద్దం తీసి ఆ తోక కేసి చాలాసేపు చూశారు. తరగతి గదిలో గ్రాంథికానికి కాస్త ఇవతల ఆగే మనిషి, ఒక్కసారిగా సొంతూరు వెళ్ళిపోయారు.

"ఏటి బాషా ఇది? ముప్ఫయ్యేళ్ళకి తెచ్చీసి సూపిత్తావేటి?"

"నిన్ననే సూసాను సార్."

"సూడకుండా ఉండలేకపోయావా?"

తర్వాత కళ్ళజోడు సర్దుకుని మళ్ళీ ఆచార్యులయ్యారు. "అయినా ఇబ్బందేమీ లేదు. లాంబ్డా అనేది మనం పెట్టుకున్న గుర్తు. ఇకపై నా లాంబ్డా అంటే పాత లాంబ్డాలో సగమని నిర్వచించుకుంటే సరిపోతుంది. ఆ సగం లోపలికి వెళ్ళిపోతుంది. సూత్రం సూత్రంలాగే ఉంటుంది. అమ్మాయీ, నువ్వు కూడా అలాగే మార్చుకుని పట్రా."

ఇది ఉత్త దబాయింపు అనడానికి లేదు. ఈ శాస్త్రంలో నిజంగానే అలా చేస్తారు. ఎవరూ చూడలేని ఒంటరి ద్రవ్యరాశిని, తగులుకోవడం వల్ల చేరినదాన్ని కలిపేసి, కొలిస్తే వచ్చిన విలువ పేరు దానికి పెడతారు. అది నిజాయితీ గల పనే, అన్ని చోట్లా ఒకేలా చేసినంతవరకు. నీలిమకి ఈ సంగతి తెలుసు. కానీ సంతకం పెట్టవలసిన చెయ్యి ఎదురుగా ఉంది.

బాషా దగ్గాడు. "సార్, ఆడు ఐదో సాప్టర్లో కూడా ఉన్నాడు."

"ఎవడు?"

"కాలు సాపినోడు... లాంబ్డా సార్. నూట పన్నెండో పేజీ. రెండు కణాలొచ్చి గుద్దుకునే దగ్గిర. ఆ పీలిక బొద్దింక ముట్టనేదు, మీరు రాసిచ్చింది రాసిచ్చినట్టే ఉంది. ఇక్కడ ఆణ్ణి సగం సేస్తే అక్కడ కూడా సగం సెయ్యాలి కదా సార్. ఒకడే కదా. ఇక్కడో మనిషి, అక్కడో మనిషి అయితే ఎలాగ?"



"అక్కడ సగం చేస్తే ఆ లెక్క తప్పవుద్ది సార్," అంది నీలిమ మెల్లగా.

ఐదో అధ్యాయం లెక్క వరహాలు గారి పేరుతో విదేశీ పత్రికలో వచ్చింది. విదేశాల్లో వచ్చినది ఆయనకి అదొక్కటే. గోడ మీద ఫ్రేము కట్టించి ఉంది. ఆయన ఆ ఫ్రేము కేసి చూశారు, పీలిక కేసి చూశారు. రెండింట్లో ఒకటి వదులుకోవాలి. బొద్దింక తిననిది ఉంచుకోవడమే మేలని తేల్చుకోవడానికి రెండు నిమిషాలు పట్టింది.

"మరి ఆ సంచిక అట్ట?" అన్నారు, గొంతు తగ్గించి.

"ఇంకా కొట్టనేదు సార్. ఎడం పక్క సోటుంది. సగం సేర్చీగలను. రేపు కొట్టీసాక మాత్రం నా సేతుల్లో నేదు."

"తప్పు ఎలా వచ్చిందో ఎక్కడో ఒకచోట రాయాలి. ఎవరి వల్ల వచ్చిందో కూడా."

"రాయండి సార్. పేరు సరిగ్గా రాయించండి. షేక్ జిలానీ బాషా."

వరహాలు గారు సంతకం పెట్టారు. ఇంకు పెన్నుతో, తేదీ వేసి. ఆ రోజు తిథి ఏమిటో చూసుకోలేదు.

ముప్ఫై ఒకటిన సన్మాన సభలో, బంగారు సగంతో మెరుస్తున్న సంచికని ఎత్తి పట్టుకుని ఆచార్యుల వారు ఇలా సెలవిచ్చారు: "మూడు దశాబ్దాల అన్వేషణ తరువాత నా సూత్రాన్ని నేనే సవరించుకున్నాను. శాస్త్రమంటే వినయం." చప్పట్లు చాలాసేపు మోగాయి. ముందు వరసలో కూర్చున్న పదిమంది పాత శిష్యులు అందరికంటే గట్టిగా కొట్టారు. తమ థీసిస్‌ల సంగతి ఒక్కరూ ఎత్తలేదు. వాళ్ళలో నలుగురు ఇప్పుడు గైడులు.

నీలిమ థీసిస్‌లో అరవై నాలుగో పేజీ అడుగున ఒక ఫుట్‌నోటు ఉంది: గత పరిశోధనల్లో ఈ గుణకం లోపించడానికి కారణం బైండరు శ్రీ షేక్ జిలానీ బాషా. ఆరు వందల థీసిస్‌లలో ఆయన పేరు అచ్చయింది ఇదొక్కసారే. బొద్దింకని ప్రస్తావించడానికి వరహాలు గారు ఒప్పుకోలేదు. శాస్త్రీయంగా ఉండదట.

"కృతజ్ఞతల పేజీ నువ్వే రాసుకుంటావా అమ్మా?" అని అడిగాడు బాషా, అట్టలు బిగిస్తూ.

"మూడో రకం పెట్టీ బాబాయ్. వైవా ఇంకా ఉంది కదా."

ఆ సాయంత్రం బాషా రేకు పెట్టె ముందు కూర్చున్నాడు. వరహాలు గారిదీ, ముందు పదిమందివీ, పదకొండు థీసిస్‌ల ఆఫీసు కాపీలూ తీసి వరసగా పేర్చాడు. తెల్లకాగితం మీద సన్నపాళీతో సగం గుర్తు పదకొండుసార్లు రాసి, ముక్కలు కోశాడు. ఆమినాబీ జిగురు గిన్నె తెచ్చింది. జిగురు ఆకాశంలా నీలంగా ఉంది. రెండు గుప్పిళ్ళ మైలుతుత్తం పోసినట్టుంది.

మొదటిది వరహాలు గారిది. అరవై ఒకటో పేజీలో, వంకర గీత మీద, చిటికెనవేలితో అద్ది అంటించాడు. రెండో పుస్తకం తెరిచాడు. 'సంప్రదాయాన్ని అనుసరించి' అన్న మాట కనిపించింది. మూడోది తెరిచాడు. 'సులువుగా నిరూపించవచ్చు.' ఆ కాగితాలన్నీ శుభ్రంగా, అంచులు తిన్నగా ఉన్నాయి.

పుస్తకాలు మూసి పెట్టెలో పెట్టేశాడు.

"మిగతావో?" అంది ఆమినాబీ, గిన్నె పట్టుకునే.

"నా సగం నాను అంటించీసాను," అన్నాడు బాషా. "ఈ పదీ బొద్దింక తిన్నవి కావు."